మైనం వాసన, రెండు వందల పేర్లు

శనివారపు విశ్రాంతి దినం సబ్బాతు వెళ్లిపోయే వేళ యూదుల ఇళ్లలో ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు. జడలా అల్లిన కొవ్వొత్తి, ఒకటికి మించిన వత్తులతో. ద్రాక్షరసం మీదా, సుగంధద్రవ్యాల మీదా, ఆ వెలుగు మీదా దీవెనలు చదివి చివర్లో దాన్ని ఆ రసంలోనే ముంచి ఆర్పేస్తారు. మొన్న అలా ఆరిన వత్తి పొగతో పాటు కరిగిన మైనం వాసన గుప్పుమంది. అంతే, మాన్‌హాటన్‌లోని ఒక చిన్న అచ్చాఫీసు, దాని వెనకగది, మే నెల ఉక్కపోత, బల్ల నిండా పరిచిన ఆడపిల్లల పేర్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

ఆ అచ్చాఫీసులో ఏడాదంతా పెళ్లి కార్డులు, ప్రార్థన పుస్తకాలు, లెటర్‌హెడ్లు నడిచేవి. వసంతంలో వచ్చే పస్కా పండుగ అయిపోగానే మాత్రం యూదు ఆడపిల్లల కాలేజీల పని మొదలయ్యేది. స్నాతకోత్సవం ఆహ్వానాలు, కార్యక్రమ పుస్తకం, పట్టాలు, కుటుంబాలు తమ పిల్లకి శుభాకాంక్షలు చెప్పుకునే పేజీలు. పిల్లని అభినందించడం అంటే వేదిక మీద ప్రసంగం అనుకుంటాం. ఆ ప్రసంగం సాయంత్రానికి ఎవరికీ గుర్తుండదు. పుస్తకంలో అచ్చయిన పేరు మాత్రం బీరువాలో యాభై ఏళ్లు ఉంటుంది. అందుకే ఆ పనిలో అంత జాగ్రత్త.

ఈ కాలేజీలు ఎక్కడివి

1917లో నేటి పోలండ్‌లోని క్రాకో నగరంలో సారా షెనిరర్ అనే కుట్టుపని చేసుకునే ఆవిడ ఆడపిల్లల కోసం ఒక చిన్న బడి పెట్టింది. మగపిల్లలకి యెషీవాలనే మతపాఠశాలలు ఉన్నాయి, ఆడపిల్లలకి ధర్మశాస్త్రం చెప్పే బడి లేదు, అదీ ఆవిడ బాధ. ఆ బడే బైస్ యాకొవ్ అయింది. తర్వాత టీచర్లని తయారుచేసే సెమినరీ వచ్చింది. 1935లో ఆవిడ పోయేనాటికి ఆ బడులు పోలండ్ దాటి వ్యాపించాయి. అమెరికాలో 1954లో యెషీవా యూనివర్సిటీ స్టెర్న్ కాలేజ్ ఫర్ విమెన్ తెరిచింది, న్యూయార్క్ లెక్సింగ్టన్ అవెన్యూ మీద. డబ్బిచ్చిన మాక్స్ స్టెర్న్ 1926లో జర్మనీ నుంచి పాడే కేనరీ పిట్టలు తెచ్చి అమ్మి వ్యాపారం నిలబెట్టుకున్నాయన. కాలేజీకి తన తల్లిదండ్రుల పేరు పెట్టించాడు. అక్కడ ఆడపిల్లలు పొద్దున బైబిలు, హీబ్రూ చదివితే మధ్యాహ్నం కెమిస్ట్రీ చదివేవారు. 1977లో రబ్బీ, అంటే మతగురువు, జోసెఫ్ సొలవేచిక్ స్వయంగా వచ్చి అక్కడి అమ్మాయిలకి తాల్ముద్ తొలిపాఠం చెప్పాడు. యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథమైన తాల్ముద్ తరతరాలుగా మగవాళ్ల చదువు. అంత పెద్ద పండితుడు వచ్చి ఆడపిల్లల ముందు ఆ గ్రంథం విప్పడం ఆ సమాజంలో ఎంత పెద్ద మాటో బయటివాళ్లకి చెప్పి ఒప్పించడం కష్టం.

మైనం బల్ల

అప్పటికి కంప్యూటర్లు బల్లల మీదికి రాలేదు. ఫోటోటైప్‌సెట్టింగ్ మెషీను నుంచి అక్షరాలు పొడుగాటి ఫోటో కాగితం మీద వచ్చేవి. ఆ కాగితాన్ని రసాయనాల్లో కడిగి, ఆరబెట్టి, వెనకవైపు వేడి మైనం పూసే రోలర్ల గుండా పంపాలి. మైనం పల్చగా, సమంగా పడాలి. వేడి చాలకపోతే గడ్డలు కడుతుంది. ఎక్కువైతే కాగితంలోకి ఇంకిపోయి ఇక దేనికీ అంటుకోదు. తర్వాత బ్లేడుతో వరస వరస కోసి, లేత నీలిగీతలున్న అట్ట మీద అతికించి, చేతి రోలరుతో అదమాలి. ఆ అట్టనే కెమెరాతో ఫోటో తీసి అచ్చు ప్లేటు చేస్తారు. నీలిగీతలు కెమెరాకి కనపడవు, కంటికి కనపడతాయి. జిగురు కంటే మైనం మేలు, ఎందుకంటే వంకర పోతే ఎత్తి మళ్లీ పెట్టుకోవచ్చు. చెడు కూడా అదే, చిన్న ముక్కలు వాటంతట అవే లేచిపోతాయి.

హీబ్రూలో చిన్న ముక్కలంటే చుక్కలు. అక్షరాలు ఇరవై రెండూ హల్లులే. అచ్చుల ధ్వని చుక్కలూ గీతలుగా అక్షరం కిందా, లోపలా, పైనా పడుతుంది. వాటిని నికూద్ అంటారు. తెనాలిలోనో రాజమండ్రిలోనో సీసం అక్షరాలతో కంపోజింగ్ చూసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పైన అక్షరం, కింద ఒత్తు, ఆ ఒత్తు విరిగితే మాటే మారిపోతుంది. ఇక్కడా అంతే. షిన్ అనే అక్షరానికి మూడు కొమ్ములుంటాయి. కుడికొమ్ము మీద చుక్క పెడితే 'ష', ఎడమకొమ్ము మీద పెడితే 'స'. సారా అన్న పేరులో చుక్క ఎడమన ఉండాలి. అది రవ్వంత కుడికి జరిగితే అమ్మాయి పేరు పోయి 'పాడుతోంది' అనే క్రియ మిగులుతుంది.

అందుకే ఎంత ఉక్కపోసినా ఆ గదిలో ఫ్యాను వేసేవాళ్లు కాదు. కోసిపెట్టిన చుక్కలు గాలికి లేచిపోతే వెతకడం ఎవరి తరం? బ్లేడు మొనతో ఒక్కో చుక్కనీ ఎత్తి, ఊపిరి బిగబట్టి దించేవాళ్లు. రాత్రికి రాత్రి మైనం చల్లబడి కొన్ని ఊడిపోయేవి. పొద్దున్నే మొదటి పని ప్రతి అట్టనీ నిలబెట్టి తట్టడం. ఊడేది ఏదో అప్పుడే ఊడాలి, కెమెరా కిందికి వెళ్లాక కాదు.

పేర్లు చదివే పద్ధతి

ఒక్కో అమ్మాయి ఒక కాగితం నింపి ఇచ్చేది. ఇంగ్లీషు పేరు, హీబ్రూ పేరు, తండ్రి పేరు, కొందరైతే తల్లి పేరు కూడా. హీబ్రూలో పేరు 'ఫలానా బత్ ఫలానా' అని పడుతుంది, అంటే ఫలానావారి కూతురు. తండ్రి కొహెన్, అంటే యాజకుల వంశమైతే ఆయన పేరు తర్వాత 'హకొహెన్', లేవీ అయితే 'హలేవీ'. రబ్బీ అయితే ముందు 'హరవ్'. చనిపోయి ఉంటే పేరు చివర రెండక్షరాలు, జాయిన్, లామెద్, మధ్యలో రెండు చిన్న గీతలు. 'ఆయన స్మృతి దీవెనగా ఉండుగాక' అనే మాటకి అది పొట్టిరూపం.

తప్పులు ఎక్కడొస్తాయో ఎవరికైనా కొన్నాళ్లకే తెలిసిపోయేది. దాలెత్, రేష్ కవలపిల్లల్లా ఉంటాయి, ఒకదాని మూల కోసుగా ఉంటే ఇంకోదాని మూల గుండ్రం. బేత్, కాఫ్ కూడా అంతే. మాట చివర వచ్చే మేమ్ చూడ్డానికి సామెఖ్ లాగే ఉంటుంది. అన్నిటికంటే ప్రాణం తీసేవి హే, హెత్. హే ఎడమకాలుకీ పైగీతకీ మధ్య సన్నటి సందు ఉంటుంది, హెత్‌కి ఉండదు. ఇంకు ఎక్కువైతే సందు పూడి హే కాస్తా హెత్ అవుతుంది. నెగటివ్ మీద దుమ్ము కూర్చుంటే గీత తెగి హెత్ కాస్తా హే అవుతుంది. హన్నా అనే పేరు హెత్‌తో మొదలవుతుంది. ఆ గీత తెగిందా, పేరు 'ఇదిగో' అనే మాటగా మారిపోతుంది. నాలుగేళ్లు చదివి, తెల్ల కాగితం మీద తన పేరు కోసం వెతుక్కునే పిల్లకి 'ఇదిగో' అని కనపడకూడదు కదా.

హీబ్రూ లిపిలోనే రాసే తూర్పు యూరప్ యూదుల భాష యిద్దిష్. ఆ పేర్ల కష్టం వేరు. గిట్టెల్, రైజెల్, ఫ్రైడెల్ లాంటివి యిద్దిష్ వర్ణక్రమంలో రాస్తారు. హీబ్రూ బాగా వచ్చినవాడే వాటిని తప్పనుకుని దిద్దేస్తాడు. పూర్వం తూర్పు యూరప్ నుంచి వచ్చిన కుటుంబాల్లో బిడ్డకి బతికున్నవాళ్ల పేరు పెట్టరు, పోయినవాళ్ల పేరే పెడతారు. స్పెయిన్, అరబ్బు దేశాల వైపు నుంచి వచ్చినవాళ్లు బతికున్న తాతా నాయనమ్మల పేర్లూ పెట్టుకుంటారు, మన ఇళ్లలో లాగే. కాబట్టి జాబితాలో ఉన్న గిట్టెల్ ఇరవై రెండేళ్ల అమ్మాయే, కానీ ఆ పేరు నాజీల కాలంలో పోలండ్‌లోని వూచ్ నుంచో క్రాకో నుంచో తిరిగి రాని ఒక ముత్తవ్వది. అందులో అక్షరం మార్చే హక్కు ప్రూఫులు దిద్దేవాడికి లేదు.

అచ్చాఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు. వయసులో ఉన్నప్పుడు యిద్దిష్ దినపత్రికలో లైనోటైప్ మీద, అంటే సీసంతో వరసలు పోతపోసే మెషీను మీద పనిచేసినవాడు. ఆయన పద్ధతి ఒకటే. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు అమ్మాయి చేత్తో రాసిన కాగితం పట్టుకుని అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంకొకరు ప్రూఫు మీద పెన్సిలు మొన కదుపుతూ రావాలి. మాటగా చదవకూడదు. మాటగా చదివితే కన్ను తనకి తెలిసినదే చూస్తుంది. రెండు వందల పేర్లకి రెండు గంటలు పట్టేది. తర్వాత ఇద్దరూ చోట్లు మారి మళ్లీ మొదటి నుంచి. ఆ పైన ఒక ప్రూఫు కాలేజీకి వెళ్లేది. అక్కడ దాన్ని గోడకి అంటిస్తే అమ్మాయిలు ఎవరి పేరు పక్కన వాళ్లు సంతకం పెట్టేవారు. సంతకం లేని పేరు ప్లేటు ఎక్కేది కాదు.

ఇంకో గండం పాత అట్టలు. మగపిల్లల యెషీవా పని అట్టలు అలమరలో ఉండేవి. తొందరలో శీర్షికలు అందులోంచి తీస్తే 'బొగ్రోత్' ఉండాల్సిన చోట 'బొగ్రిమ్' వచ్చి కూర్చునేది. రెండూ పట్టభద్రులే. మొదటిది ఆడవాళ్లకి, రెండోది మగవాళ్లకి. తెలుగులో 'పట్టభద్రులు' అంటే సరిపోతుంది, హీబ్రూలో క్రియ కూడా ఆడా మగా చూసుకునే నడుస్తుంది. 'బత్' బదులు 'బెన్' పడితే కూతురు కొడుకైపోతుంది.

తారీఖులు

ఆహ్వానం మీద ఇంగ్లీషు తేదీ పక్కన హీబ్రూ తేదీ వేయాలి. అంకెలు ఉండవు, అక్షరాలకే విలువలు. 1994 వసంతమంటే వాళ్ల లెక్కలో 5754. వేలు వదిలేసి మిగతా 754ని తావ్ నాలుగొందలు, షిన్ మూడొందలు, నూన్ యాభై, దాలెత్ నాలుగు అని రాస్తారు. పదిహేను వేయాలంటే పదీ ఐదూ కలపకూడదు, తొమ్మిదీ ఆరూ కలపాలి. పదహారుకి తొమ్మిదీ ఏడూ. పదీ ఐదూ, పదీ ఆరూ పక్కపక్కన పెడితే దేవుడి పేరులో భాగం వస్తుంది.

1984లో పట్టా అందుకున్నవాళ్ల పుస్తకం ఒక ప్రత్యేకం. ఆ ఏడు 5744. వరసగా తావ్, షిన్, మేమ్, దాలెత్ వేస్తే నాశనం అనే అర్థం ధ్వనిస్తుంది. అందుకని చాలామంది చివరి రెండక్షరాలూ తారుమారు చేసి దాలెత్ ముందు, మేమ్ వెనక వేయించుకున్నారు. సంగతి తెలియని కంపోజిటరు అది తప్పనుకుని 'సరిచేస్తే' ఆహ్వానాలన్నీ మళ్లీ కొట్టాల్సిందే. అదే మే నెలలో మన పంచాంగంలో రక్తాక్షి నామ సంవత్సరం నడుస్తోంది. మనం పేరు మార్చకుండా శుభలేఖ మీద అలాగే వేసేసుకుంటాం. ఆడపిల్ల చదువు పూర్తయిన రోజున కాగితం మీద చెడ్డమాట ఉండకూడదని అక్షరాలు జరిపిన వాళ్ల మనసు కూడా ఎంతో బాగా అర్థమవుతుంది.

రోజు మొదలయ్యే వేళ ఇంకో చిక్కు. మన తిథి లెక్క సూర్యోదయంతో, వాళ్ల రోజు సూర్యాస్తమయంతో. పొద్దుగూకాక జరిగే విందు ఆహ్వానానికి మర్నాటి హీబ్రూ తేదీ వేయాలి. ఇది మరిచిపోతే కార్డు అంతా బాగున్నట్టే ఉంటుంది, చదివిన తాతగారు మాత్రం మొహం చిట్లిస్తారు.

అచ్చు, వ్యర్థం

ఆహ్వానాలకి ఉబ్బెత్తు అక్షరాలు అడిగేవారు. పచ్చి ఇంకు మీద రెసిన్ పొడి చల్లి, మిగిలింది పీల్చేసి, వేడి సొరంగం గుండా పంపితే పొడి కరిగి అక్షరం పొంగుతుంది. మన పెళ్లి కార్డుల మీదా ఇదే పని. ఇంగ్లీషుకి బాగుంటుంది, చుక్కలున్న హీబ్రూకి శత్రువు. బేత్ కడుపులో చుక్క ఉంటే 'బ', లేకపోతే 'వ'. పొడి కరిగి చుక్క పక్కగీతతో కలిసిపోతే అక్కడ ఒక మచ్చ మిగులుతుంది. కాబట్టి చుక్కలున్న వాక్యంలో అక్షరం సైజు పద్నాలుగు పాయింట్ల కంటే తగ్గకూడదు, సన్నరకం పొడే వాడాలి, ఇంకు పల్చగా ఉంచాలి. అప్పటికీ కుదరకపోతే ఆ ఒక్క వరస మామూలు అచ్చులో వేసి మిగతాది ఉబ్బించేవాళ్లు.

ప్రెస్సు సరిచేసేటప్పుడు వందో రెండు వందలో కాగితాలు పాడవుతాయి, ఏ పనికైనా. ఈ పనిలో అవి చెత్తబుట్టలోకి వెళ్లాలంటే ముందే ఆలోచించుకోవాలి. దేవుడి పేరు పూర్తిగా ఉన్న కాగితం పారేయడానికి వీల్లేదు. దాన్ని గెనీజా అని విడిగా దాచి, తర్వాత శ్మశానంలో పాతిపెడతారు. అందుకే వాక్యాల్లో పేరు బదులు హే అక్షరం, పక్కన ఒక గీత పెట్టించేవారు. కార్డు పైన కుడిమూల 'దేవుడి సాయంతో' అని వేసే పొట్టిమాట విషయంలో కూడా కొందరు ఆ హే కూడా లేని 'బేత్, సామెఖ్, దాలెత్' రూపమే కోరేవారు. ఎప్పుడైనా పూర్తి పేరుతో వాక్యం అచ్చయితే ప్రెస్సు పక్కన ఒక అట్టపెట్టె ఉండేది. పాడైన ప్రతి కాగితం, సగం మసిబారినదైనా సరే, అందులోకి. పెట్టె నిండాక పెద్దాయనే తాడు కట్టి తీసుకెళ్లేవాడు.

పుస్తకానికి రెండు ముఖాలు. ఇంగ్లీషు ఎడమ నుంచి, హీబ్రూ కుడి నుంచి, రెండూ మధ్యలో కలుస్తాయి. పేజీలు నాలుగు లెక్కన పెరగాలి. మడత నమూనా చేత్తో చేసి, ప్రతి పేజీ మీద పెన్సిలుతో నంబరూ, తల ఎటువైపో బాణం గుర్తూ వేయకుండా ప్లేటు చేయిస్తే ఒక భాష తలకిందులుగా వచ్చే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. తర్వాతి రోజుల్లో కంప్యూటరు వచ్చాక ఇంకో రకం తప్పు పుట్టుకొచ్చింది. కుడి నుంచి ఎడమకి రాయడం తెలియని సాఫ్ట్‌వేర్‌లో హీబ్రూని తిరగేసి అతికించేవారు. ఒక్క వరస అయితే సరిగ్గానే ఉండేది. రెండో వరసకి విరిగిందంటే వాక్యం మొదలు కిందికి, చివర పైకి. హీబ్రూ రానివాడికి అందులో తప్పు కనపడనే కనపడదు.

వారంలో పని నడక కూడా వేరు. శుక్రవారం మధ్యాహ్నం దాటితే కాలేజీ ఆఫీసులో ఫోనెత్తేవాళ్లు ఉండరు, శనివారం రాత్రి దాకా. శనివారం సరుకు పంపవద్దని ముందే చెప్పేవారు. పస్కా నుంచి షవువోత్ పండుగ దాకా 49 రోజులు లెక్కపెట్టుకునే కాలంలోనే స్నాతకోత్సవాలు వస్తాయి, చాలామంది ఆ రోజుల్లో కొంతకాలం సంగీతం వినరు. కార్యక్రమ పుస్తకంలో 'సంగీతం' అనే మాట పెట్టే ముందు తేదీ చూసుకోవాలి.

శుభాకాంక్షల పేజీలు

కుటుంబాలు పూర్తి పేజీ, అరపేజీ, పావు పేజీ కొనుక్కునేవి. డబ్బు తక్కువైతే రెండే వరసలు. మొదట్లో ఎక్కువమంది రాసిన మాట 'ఇస్రాయేలు జనంలో నమ్మకమైన ఇల్లు కట్టుకో తల్లీ' అని. ఏళ్లు గడిచేకొద్దీ ఆ మాట ఉంటూనే దాని పక్కన మెడికల్ కాలేజీ, లా కాలేజీ, పరిశోధన, తాల్ముద్ పాఠం చెప్పే ఉద్యోగం వచ్చి చేరాయి. 'మేహయిల్ ఎల్ హయిల్' అని అందరూ రాసేవారు, బలం నుంచి మరింత బలానికి అని. ఆ హయిల్ అన్న మాటే శుక్రవారం రాత్రి భోజనాల బల్ల దగ్గర ఇంటి ఇల్లాలిని కీర్తిస్తూ పాడే 'ఎషెత్ హయిల్' లోనూ ఉంది. తెలుగు బైబిల్లో సామెతలు 31వ అధ్యాయం చదివినవాళ్లకి ఆ గుణవతి తెలుసు. మన చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తమని బెనె ఎఫ్రాయిమ్ అనుకునే తెలుగు యూదులు ఉన్నారు, వాళ్లకి ఈ మాటలు ఇంకా దగ్గరగా తెలుసు.

పావు పేజీల్లో నాయనమ్మలు రాసినవి అన్నిటికంటే చిన్నవి. 'నువ్వు చదివావు. మేము చూశాం.' ఇలా రెండు ముక్కలు, కింద ఒక పేరు. పెద్దాయన అలాంటి వాటికి పైనా కిందా మామూలు కంటే ఎక్కువ ఖాళీ వదిలేవాడు. అడిగిన డబ్బుకి అంత చోటు రాదని ఎవరైనా అంటే వినేవాడు కాదు.

రేకు డబ్బా

ఒక ఏడు గురువారం సాయంత్రం, ప్లేట్లు అన్నీ అయిపోయి ప్రెస్సు కడుగుతుండగా కాలేజీ నుంచి ఫోను. ఒక అమ్మాయి తండ్రి ఆ వారంలోనే పోయాడు. పుస్తకంలో ఆయన పేరు బతికున్నవాడి పేరుగా ఉంది. పిల్ల షివా అనే ఏడు రోజుల సంతాపంలో కూర్చుని ఉంది, పట్టా గురించి ఏమీ అడగలేదు, నాన్న పేరు ఎలా పడుతుందని మాత్రం అడిగింది.

టైప్‌సెట్టింగ్ మెషీను అప్పటికే ఆపేశారు, రసాయనాలు పారబోశారు. పెద్దాయన సొరుగు తెరిచి ఒక రేకు డబ్బా తీశాడు. అందులో ఏళ్ల తరబడి పాత గేలీల నుంచి, అంటే అక్షరాలు పడ్డ పొడుగు కాగితాల నుంచి కోసి దాచిన ముక్కలు, సైజుల వారీగా చిన్న కవర్లలో. 'బత్' లు ఒక కవరు. 'హకొహెన్', 'హలేవీ' ఇంకోటి. అన్నిటికంటే కింద, జాయిన్, లామెద్. పది పాయింట్ల ముక్క ఒకటి ఎంచి, వెనక మైనం ఎండిపోయి ఉంటే బల్బు దగ్గర పట్టి మెత్తబరిచి, ఆ తండ్రి పేరు చివర దించాడు. స్కేలు పెట్టి వరస సరిచూశాడు. మళ్లీ కెమెరా, మళ్లీ ఫిల్ము, కొత్త ప్లేటు. దీపాలు ఆర్పేసరికి రాత్రి తొమ్మిది. శుక్రవారం పొద్దున కట్టలు సమయానికి వెళ్లాయి.

ఇప్పుడు అమ్మాయిలే తెర మీద తమ పేరు కొట్టుకుంటారు, అక్షరాలు వాటంతట అవే కుడి నుంచి ఎడమకి నడుస్తాయి. ఈ మే నెలలో పట్టా అందుకుంటున్న అమ్మాయిలందరికీ మజల్ తోవ్, శుభాకాంక్షలు. ముందున్న ప్రతి పనిలోనూ మేహయిల్ ఎల్ హయిల్. పట్టా చేతికొచ్చాక ఫ్రేము కట్టించే ముందు ఒక్కసారి కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూసుకోండి. హే లో సందు ఉందా, షిన్ మీద చుక్క ఎటు ఉంది, అమ్మ పేరు, నాన్న పేరు. తేడా ఉంటే మొహమాటపడకుండా వెనక్కి పంపించి సరిగ్గా వేయించుకోండి.